ఫీల్డ్ స్టాఫ్‌లో నాయకత్వం పెంచడం ఎలా? శిక్షణ నోట్ రాస్తున్నాను, మీ అనుభవాలు చెప్పండి

పీహెచ్‌సీ_డాక్టర్ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసర్, గోదావరి జిల్లాలు)
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఏఎన్‌ఎంలు (ఊళ్లలో తిరిగే నర్సులు), ఎంఎల్‌హెచ్‌పీలు (సబ్ సెంటర్‌లో చికిత్స చూసేవాళ్లు, సీహెచ్‌ఓలని కూడా అంటారు), హెల్త్ అసిస్టెంట్లు, సూపర్‌వైజర్లకు లీడర్‌షిప్ ట్రైనింగ్ పెట్టాలని మా జిల్లాలో అనుకుంటున్నారు. ఏమేం నేర్పాలో ఒక నోట్ రాసి ఇమ్మని నాకు అప్పజెప్పారు. పాత శిక్షణల మెటీరియల్ తెప్పించుకుని చూశాను. కమ్యూనికేషన్ స్కిల్స్, టీమ్ బిల్డింగ్, టైమ్ మేనేజ్‌మెంట్, స్ట్రెస్ మేనేజ్‌మెంట్. బ్యాంకు ఉద్యోగులకైనా, బీమా ఏజెంట్లకైనా ఇవే చెప్పొచ్చు. సబ్ సెంటర్‌లో, అంటే పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే చిన్న ఆరోగ్య కేంద్రంలో, ఒక ఏఎన్‌ఎంకి నిజంగా ఎదురయ్యే పరిస్థితి ఒక్కటీ అందులో కనిపించలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన వాళ్లకు ధైర్యం లేక, తెలివి లేక వెనకబడటం లేదు. కోవిడ్‌లో ఇల్లిల్లూ తిరిగింది వీళ్లే. ఆ పనికి 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని ఆశాలందరికీ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు కూడా ఇచ్చింది. కానీ మామూలు రోజుల్లో చిన్న నిర్ణయం తీసుకోవాలన్నా పైనుంచి ఫోన్ రావాలి. తీసుకున్నాక ఏదైనా తేడా వస్తే వెనక ఎవరూ నిలబడరు. ఇది మారకుండా రెండు రోజులు ఏసీ హాల్లో కూర్చోబెడితే ఉపయోగం ఉంటుందని నేను నమ్మను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆర్డర్ కోసం ఎదురుచూసే మనిషి తనంతట తాను కదిలే మనిషిగా మారడం మీరు ఎక్కడైనా చూశారా? దేనివల్ల మారారు?

రిటైర్డ్_ఎంపీహెచ్‌ఈఓ (ఆరోగ్య విస్తరణ అధికారి, గుంటూరు)
సోమవారం, రాత్రి 10:02

డాక్టర్ గారూ, మంచి ప్రశ్న వేశారు. నేను సర్వీసులో చేరేనాటికి మా సీనియర్లలో కొందరు మసూచి టీకాల వాళ్లు, కొందరు మలేరియా వాళ్లు. ఎవరి పని వాళ్లదే. 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పాక అందరినీ కలిపి మల్టీపర్పస్ వర్కర్లను చేశారు. పని మారింది కాబట్టి నేర్పేవాడు కావాలి. ఆ నేర్పేవాడే సూపర్‌వైజర్.

మా సూపర్‌వైజర్ మాతోపాటు ఊళ్లోకి వచ్చేవాడు. ముందు మమ్మల్ని మాట్లాడనిచ్చి తాను పక్కన నిలబడేవాడు. బయటికొచ్చాక, "ఆ ఇంట్లో అత్తగారిని వదిలేసి కోడలితోనే మాట్లాడావు, రేపు మళ్లీ వెళ్లి ముసలామెతో మాట్లాడు" అనేవాడు. జనం ముందు ఏనాడూ ఒక్క మాట అనలేదు. నాకు తెలిసిన నాయకత్వ శిక్షణ అదే.

ఇప్పుడు నిబంధనల ప్రకారం ఆరు సబ్ సెంటర్లకు ఒక సూపర్‌వైజర్ ఉండాలి. పోస్టు నిండిన చోట కూడా ఆ మనిషి పొద్దస్తమానం వాట్సాప్‌లో రిపోర్టులు పోగేసి పైకి పంపడంలోనే ఉంటున్నాడు. మీ నోట్‌లో మొదటి బ్యాచ్ సూపర్‌వైజర్లదే అని రాయండి. ఏఎన్‌ఎంలకు తర్వాత ఇవ్వొచ్చు.

ఇంకొకటి. పోలియో రోజుల్లో ఇంటి గోడ మీద 'పీ' అనో 'ఎక్స్' అనో సుద్దముక్కతో రాసేవాళ్లం. పిల్లలందరికీ చుక్కలు పడితే పీ, ఒక్కరు మిగిలినా ఎక్స్. సాయంత్రం పీహెచ్‌సీలో కూర్చుని ఎక్స్ ఇళ్ల లెక్క చెప్పుకునేవాళ్లం. ఎక్స్‌లు ఎక్కువున్నాయని ఎవరినీ తిట్టేవాళ్లు కాదు. ఎందుకంటే ఎక్స్ అని నిజం రాస్తేనే రేపు ఆ ఇంటికి మళ్లీ వెళ్తాం. తిడతారని భయపడి అన్నీ పీ రాసేస్తే ఆ పిల్లవాడు మిగిలిపోతాడు. 2011 జనవరి 13న హౌరాలో వచ్చిన కేసు తర్వాత దేశంలో వైల్డ్ పోలియో రాలేదంటే, లక్షల మంది చిన్న ఉద్యోగులు నిజం రాయబట్టే. నిజం చెప్పినవాడికి రక్షణ ఉన్న చోటే బాధ్యత తీసుకునేవాళ్లు తయారవుతారు.

ఏఎన్‌ఎం_అక్క (సబ్ సెంటర్, నల్గొండ జిల్లా)
మంగళవారం, ఉదయం 6:35

సార్ చెప్పిన ఎక్స్ మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. ఇప్పుడు దానికి పూర్తిగా తిరగబడి ఉంది. హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువ ఉన్న గర్భిణులను వెతికి రాస్తే "నీ సెంటర్‌లోనే ఇంతమంది ఎందుకున్నారు" అని అడుగుతారు. డెంగీ కేసు మొదట చెప్పిన సెంటర్‌కే ముందు ఫోన్లు. ఇంటి దగ్గర కాన్పు అయితే మెమో. వెతకనిదానికి ఏ టెన్షనూ లేదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలు నెల తిరక్కముందే ఈ సంగతి గ్రహిస్తారు. వాళ్లకు అది ఎవరూ పాఠంగా చెప్పరు, మీటింగ్‌లో చూసి నేర్చుకుంటారు.

ప్రసూతి మరణాల సమీక్ష మీద 2017లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో, ఈ సమీక్ష ఎవరినీ తప్పుపట్టడానికి కాదు అని స్పష్టంగా ఉంది. ఎక్కడ ఆలస్యమైంది, ఇంట్లో నిర్ణయానికా, బండి దొరకడానికా, ఆస్పత్రిలో చికిత్స మొదలవడానికా, అది తెలుసుకోవడానికే. కానీ నేను కూర్చున్న సమీక్షల్లో మొదటి ప్రశ్న "ఆ ఏఎన్‌ఎం ఎవరు, లేవండి" అని.

లీడర్‌షిప్ ట్రైనింగ్ మాకు తర్వాత పెట్టండి డాక్టర్ గారూ. సమీక్ష నడిపే వాళ్లకు ముందు పెట్టండి.

జిల్లా_ప్రోగ్రాం_ఆఫీసర్
మంగళవారం, ఉదయం 11:48

నేను ఆ బల్లకు అవతల కూర్చునేవాణ్ని కాబట్టి నా మాట కూడా వినండి. రాత్రి ఎనిమిదింటికి వీసీ (వీడియో కాన్ఫరెన్స్) పెట్టి ఫలానా మండలం ఎందుకు తగ్గిందని అడిగితే నేను జవాబు చెప్పాలి. ఆ ఒత్తిడే కిందికి జారుతుంది. దాన్ని సమర్థించను, కానీ అది ఎక్కడ పుడుతుందో తెలియకుండా పరిష్కారం దొరకదు. అలాగే, పని ఎగ్గొట్టే వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను అడగకపోతే పనిచేసే వాళ్లకే అన్యాయం జరుగుతుంది. నాయకత్వం పేరుతో జవాబుదారీతనం పోకూడదు.

మా డివిజన్‌లో ఒక మార్పు చేశాం, ఫలితం బాగుంది. సమీక్షకు ముందు ప్రతి పీహెచ్‌సీ తన అంకెలు తానే చూసుకుని, ఎక్కడ పడిపోయిందో, ఎందుకు పడిపోయిందో, తాను ఏం చేయబోతోందో, మా నుంచి ఏం కావాలో నాలుగు వాక్యాలు రాసి తేవాలి. మీటింగ్ ఆ కాగితంతోనే మొదలవుతుంది. నా ల్యాప్‌టాప్‌లో ర్యాంకుల పట్టిక చివరికి వస్తుంది. "ఎందుకు తగ్గింది" అని నేను అడిగే అవసరం చాలావరకు పోయింది. ఒక ఏఎన్‌ఎం, ఇటుక బట్టీలకు వచ్చిన వలస కుటుంబాల పిల్లలు తన పిల్లల జాబితాలో లేకుండానే టీకాలు వేయించుకున్నారని, టీకాల శాతం నూరు దాటడానికి అదే కారణమని తానే పట్టుకొచ్చింది. నూరు శాతం దాటితే మేము ఇదివరకు మెచ్చుకునేవాళ్లం. తన అంకెను తాను అనుమానించగలిగిన మనిషి ఎంత ఎదిగిందో చూడండి.

డాక్టర్ గారూ, మీ నోట్‌లో డేటా చదవడం తప్పకుండా పెట్టండి. ఐహెచ్‌ఐపీలో (వ్యాధుల నిఘా పోర్టల్‌లో) నింపిన ఎస్ ఫామ్ (లక్షణాలను బట్టి కేసులు రాసేది) నింపినవాళ్లకే మళ్లీ కనిపించాలి, వాళ్ల గ్రామం గ్రాఫ్ వాళ్ల చేతిలో ఉండాలి. ఇప్పుడు అది పైకి పోతుంది, తిరిగి రాదు.

ఏఎన్‌ఎం_అక్క
మంగళవారం, మధ్యాహ్నం 1:20

మీలాంటి ఆఫీసర్ మాకు వస్తే సంతోషమే సార్. కానీ మీరు బదిలీ అయితే ఆ నాలుగు వాక్యాల కాగితం ఉంటుందా?

జిల్లా_ప్రోగ్రాం_ఆఫీసర్
మంగళవారం, మధ్యాహ్నం 1:41

ఉంటుందని హామీ ఇవ్వలేను అమ్మా. ప్రొసీడింగ్స్‌గా (ఆఫీసు ఉత్తర్వుగా) రాసి పెట్టించాను. అంతవరకే నా చేతిలో ఉంది.

పీహెచ్‌సీ_డాక్టర్
మంగళవారం, రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. మా దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతాను. నా ఆలోచన మొత్తం అక్కడి నుంచే మొదలైంది.

వానాకాలం ముందు మా ఏఎన్‌ఎంలతో, హెల్త్ అసిస్టెంట్‌తో కూర్చుని అరపేజీ కాగితం ఒకటి తయారుచేశాం. ఒకే వీధిలో ఒకే రోజు మూడు విరేచనాల కేసులు కనిపిస్తే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఏఎన్‌ఎం చేయగలిగిన పనులు అందులో రాశాం. ఆ వీధికి నీళ్లు వెళ్లే వాల్వు కట్టించడం, కుళాయి చివర క్లోరిన్ చూడడం, నీళ్ల శాంపిల్ తీయడం, ఆశా ఇంట్లో ఓఆర్‌ఎస్ డిపో తెరవడం, పంచాయతీని ట్యాంకర్ అడగడం. ఆ తర్వాత నాకు ఫోన్. వాల్వు మన శాఖది కాదు కాబట్టి ఆ కాగితాన్ని పంచాయతీ మీటింగ్‌లో చదివి వినిపించి, సర్పంచ్ గారితో, పంచాయతీ కార్యదర్శితో, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) ఏఈతో సంతకాలు పెట్టించాం. ఒక్కో ఊరికి ఒక్కో కాపీ.

ఒక సాయంత్రం మా ఏఎన్‌ఎం ఒకావిడకు కాలనీలో వరుస ఇళ్లలో కేసులు తగిలాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ అసలు లేదు, 0.2 పీపీఎం అయినా ఉండాలి. పైపు సైడు కాలువలోంచి పోతోంది, జాయింటు దగ్గర కారుతోంది. ట్యాంకు ఆపరేటర్ వాల్వు కట్టనన్నాడు. "పెద్దాయన చెప్పాలి" అన్నాడు. ఆవిడ కాగితం తీసి సర్పంచ్ సంతకం చూపించింది. వాల్వు కట్టారు. నాకు ఫోన్ వచ్చేసరికి శాంపిల్ సీసాలు నిండి ఉన్నాయి, ఓఆర్‌ఎస్ పంచుతున్నారు.

మర్నాడు పొద్దున్నే ఊరి పెద్ద ఒకాయన కోపంగా ఫోన్ చేశారు, ఎవరినడిగి నీళ్లు ఆపారని. నేనే ఆపమన్నానని చెప్పాను. ఆవిడ పేరు ఆయన అడిగారు, నేను చెప్పలేదు. తర్వాత పీహెచ్‌సీ మీటింగ్‌లో జరిగింది జరిగినట్టు ఆవిడే నిలబడి చెప్పింది. మిగతా ఏఎన్‌ఎంలు ఆవిడను ప్రశ్నలడిగారు, నన్ను కాదు. ఆ నెలలోనే ఇంకో ఇద్దరు తమ ఊళ్ల కాగితం తీసుకుని పంచాయతీకి తామే వెళ్లారు.

ఆవిడకు నేను ఏ శిక్షణా ఇవ్వలేదు. ఏం చేయొచ్చో ముందుగా రాసి ఉంది, చేశాక ఎవరూ వేలెత్తి చూపలేదు. అంతే.

సీహెచ్‌ఓ_పాడేరు (ఎంఎల్‌హెచ్‌పీ, అల్లూరి సీతారామరాజు జిల్లా)
మంగళవారం, రాత్రి 10:55

సార్, ఆ కాగితం మాకు కూడా పంపండి. మా దగ్గర ఊట నీళ్లు, గ్రావిటీ పైపులు కాబట్టి మార్చుకుంటాను.

ఇక్కడ ఎవరూ మాట్లాడని విషయం ఒకటి చెప్పాలి. సబ్ సెంటర్‌లో టీమ్ లీడర్ ఎవరు? ఆయుష్మాన్ భారత్ కింద మమ్మల్ని తీసుకున్నప్పుడు సెంటర్‌కి సీహెచ్‌ఓనే నాయకత్వం వహించాలన్నారు. నేను బీఎస్సీ నర్సింగ్ చేసి వచ్చాను. నాతో పనిచేసే ఏఎన్‌ఎం అక్క నేను స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఆ గూడేల్లో తిరుగుతున్నారు. ఆవిడకు ప్రతి ఇల్లూ తెలుసు, కువి భాష వచ్చు. నేను కాంట్రాక్టు, ఆవిడ రెగ్యులర్. నేను ఆవిడకు పని చెప్పాలట. మొదటి నెలల్లో మేమిద్దరం ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకోని రోజులు ఉన్నాయి. మా బ్రిడ్జ్ కోర్సులో బీపీ, షుగర్, టీకాలు అన్నీ చెప్పారు, ఈ సంగతి చెప్పలేదు.

మాలో మార్పు తెచ్చింది మా ఆశా. సంతరోజు అందరూ కిందికి దిగుతారు, సెంటర్ ఖాళీగా ఉంటుంది, మనమే సంతకు పోదాం అంది. ఏఎన్‌ఎం అక్క సంతలో చోటు మాట్లాడారు, మందులు, బీపీ మిషన్ నేను చూసుకున్నాను. అప్పటివరకు సెంటర్‌కి రాని మగవాళ్లు సంతలో బీపీ చూపించుకున్నారు. ఆ రోజు నుంచి ఇద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోగి చికిత్స విషయంలో నా మాట, గూడెంలోకి ఎప్పుడు ఎలా వెళ్లాలన్న విషయంలో ఆవిడ మాట. అన్‌టైడ్ ఫండ్ (సెంటర్ అవసరాన్ని బట్టి వాడుకునే నిధి) దేనికి ఖర్చుపెట్టాలో ఆశాలతో సహా అందరం కూర్చుని రాసుకుంటాం.

శిక్షణ పెడితే సీహెచ్‌ఓని, ఏఎన్‌ఎంని, ఆశాలను కలిపి ఒక సెంటర్ టీమ్‌గా పిలవండి. కేడర్‌వారీగా విడివిడిగా పిలిస్తే మేం మా బాధలు మాలో మాకే చెప్పుకుని వెళ్లిపోతాం.

ఏఎన్‌ఎం_అక్క
బుధవారం, ఉదయం 6:10

చెల్లీ, నువ్వు రాసింది చదివి బాగా అనిపించింది. మా వైపు నుంచి కూడా చెబుతా. మీరు వచ్చినందుకు మాకు కోపం లేదు. ఇన్నేళ్లు చేసిన పనికి ఒక ప్రమోషన్ అయినా రాకముందే, పైన ఇంకొకరిని తెచ్చి కూర్చోబెట్టారని బాధ. ఆ బాధ మనిషి మీద చూపించకూడదు, నిజమే. కానీ ట్రైనింగ్ ఇచ్చే వాళ్లకు అది తెలిసి ఉండాలి.

ఈ రోజు ఇమ్యునైజేషన్ డే. సాయంత్రం మళ్లీ చూస్తాను.

కాంట్రాక్టు_ఫార్మసిస్ట్
బుధవారం, ఉదయం 9:25

అక్క చెప్పిన మాట దగ్గరే ఆగండి అందరూ. మంచి కథలు చెప్పుకుంటున్నాం కానీ అసలు విషయం పోస్టులు, ప్రమోషన్లు, జీతాలు. ఒక డాక్టర్ రెండు పీహెచ్‌సీలకు ఇన్‌చార్జ్. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ. ఒకే మనిషి ఫార్మసీ, స్టోర్, డేటా ఎంట్రీ చూస్తాడు. ఇలాంటి చోట నాయకత్వం పెంచండి అంటే ఉన్నవాళ్ల నెత్తిన ఇంకో పని పెట్టడమే. బాధ్యత కిందికి వస్తోంది, అధికారం, డబ్బు పైనే ఉంటున్నాయి.

పీహెచ్‌సీ_డాక్టర్
బుధవారం, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, నీ మాటను కాదనను. ఖాళీలు భర్తీ కాకపోతే ఏ శిక్షణా నిలవదని నోట్‌లో మొదటి పేరాలోనే రాస్తాను. అయితే పోస్టులన్నీ నిండేదాకా ఆగితే, ఈ లోపు వచ్చే వానాకాలాలు మన కోసం ఆగవు. వాల్వు కట్టే అధికారానికి డబ్బు అక్కర్లేదు, ఒక సంతకం కావాలి. ఇలా ఖర్చు లేకుండా కిందికి ఇవ్వగలిగిన అధికారాలు ఇంకేం ఉన్నాయో నువ్వే చెప్పు. మందుల వైపు నీకే బాగా తెలుస్తుంది.

కాంట్రాక్టు_ఫార్మసిస్ట్
బుధవారం, సాయంత్రం 5:50

పక్క పీహెచ్‌సీలో మిగులు ఉన్న మందును మన పీహెచ్‌సీకి తెచ్చుకునే అధికారం. గడువు దగ్గరపడ్డ మందులు ఒకచోట, అవే మందులు దొరక్క రోగులు తిరిగిపోవడం ఇంకోచోట. దీనికి పైనుంచి కాగితం వచ్చేసరికి గడువు దాటుతుంది. ఫార్మసిస్టులం మాలో మేం మాట్లాడుకుని, ఇద్దరు ఎంఓల (మెడికల్ ఆఫీసర్ల) సంతకాలతో అదే రోజు మార్చుకునే వీలు ఇస్తే చాలు. ఆన్‌లైన్ స్టాక్‌లో ఎంట్రీ మేమే వేస్తాం. ఇది మీ నోట్‌లో రాస్తారా?

పీహెచ్‌సీ_డాక్టర్
బుధవారం, సాయంత్రం 6:05

తప్పకుండా రాస్తాను.

చెన్నై_తెలుగు (పబ్లిక్ హెల్త్, తమిళనాడు)
బుధవారం, రాత్రి 8:40

నేను పుట్టింది నెల్లూరులో, ఉద్యోగం ఇక్కడ. తమిళనాడులో ప్రజారోగ్యానికి ప్రత్యేక డైరెక్టరేట్ ఉంది, నూరేళ్లు దాటింది. ఆస్పత్రులు, మెడికల్ కాలేజీలు వేరే డైరెక్టరేట్ల కింద ఉంటాయి. జిల్లాలో ప్రజారోగ్యాన్ని చూసే అధికారికి పబ్లిక్ హెల్త్‌లో అర్హత ఉండాలి. పీహెచ్‌సీలో చేరిన డాక్టర్ ఆ చదువు చదువుకుంటే ఆ దారిలోనే పైకి వెళ్లొచ్చు. దీనివల్ల పైన కూర్చున్నాయన ఒకప్పుడు దోమల లార్వా, నీళ్ల ట్యాంకులు, టీకాల కోల్డ్ చెయిన్ (చల్లగా నిల్వ ఉంచే ఏర్పాటు) తానే చూసి ఉంటాడు. కిందివాళ్లను ఏం అడగాలో తెలుస్తుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం అన్ని రాష్ట్రాల్లోనూ ప్రజారోగ్య నిర్వహణ కేడర్ పెట్టాలని చెప్పింది. సర్జరీ చేసుకునే డాక్టర్‌ని సీనియారిటీ వచ్చిందని ఒక్కరోజులో జిల్లా ప్రజారోగ్యానికి అధిపతిని చేస్తే ఆయనకూ కష్టం, జిల్లాకూ కష్టం. నాయకత్వం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నుంచే తయారుచేసుకోవాలి.

డాక్టర్ గారి కాగితం గురించి ఒక మాట. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం మీ ఆంధ్ర ప్రాంతానికి కూడా వచ్చింది. అంటువ్యాధికి కారణమయ్యేలా ఉన్న తాగునీటిని వాడకుండా ప్రకటన ద్వారా నిషేధించే అధికారం అందులో హెల్త్ ఆఫీసర్‌కి ఉంది. సర్పంచ్ సంతకం మంచిదే, కానీ రేపు సర్పంచ్ మారితే? మీ కాగితం మీద ఆ చట్టం పేరు వేసి, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) గారి సంతకం కూడా తీసుకోండి. అప్పుడు మీ ఏఎన్‌ఎం మీద ఎవరూ నోరు పారేసుకోలేరు.

పీహెచ్‌సీ_డాక్టర్
బుధవారం, రాత్రి 9:15

ఇది చాలా విలువైన సలహా. చట్టం కాపీ తెప్పించుకుని చదువుతాను.

మిడ్‌వైఫ్_కరీంనగర్
గురువారం, ఉదయం 7:30

నేను నర్సింగ్ వైపు నుంచి రాస్తున్నాను. తెలంగాణలో 2017లో స్టాఫ్ నర్సులకు ప్రొఫెషనల్ మిడ్‌వైఫరీ శిక్షణ కరీంనగర్‌లో మొదలైంది. ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి చేశాయి. ఏడాదిన్నర కోర్సు. మామూలు కాన్పును మిడ్‌వైఫ్ తానే నిర్ణయాలు తీసుకుంటూ చేయాలి, ఇబ్బంది కనిపిస్తే డాక్టర్‌ని పిలవాలి. ఎప్పుడు తానే చూడాలి, ఎప్పుడు పిలవాలి అనేదే ఆ చదువుకు ప్రాణం.

లేబర్ రూమ్‌లో ఏళ్ల తరబడి డాక్టర్ చెప్పింది చేసిన నర్సు, "ఈమెను పడుకోబెట్టకండి, నడవనివ్వండి" అని తానే చెప్పడానికి ఎంత సమయం పడుతుందో దగ్గరుండి చూశాను. పుస్తకం చదివితే రాదు. పక్కన అనుభవం ఉన్న మిడ్‌వైఫ్ నిలబడి, చేయి అడ్డం పెట్టకుండా చూస్తూ, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడాలి. రిటైర్డ్ సార్ చెప్పిన సూపర్‌వైజర్ చేసింది కూడా ఇదే.

తిరిగి తమ ఆస్పత్రికి వెళ్లాక ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. అక్కడి డాక్టర్‌కి ఈ పద్ధతి మీద నమ్మకం ఉంటే మిడ్‌వైఫ్ నిలబడుతుంది. లేకపోతే ఆమెను మళ్లీ జనరల్ డ్యూటీలో వేస్తారు, నేర్చుకున్నది పోతుంది. అందుకే డాక్టర్ గారూ, శిక్షణకు వచ్చేవాళ్ల పై అధికారిని కూడా ఒక రోజు పిలవండి. "ఈమె తిరిగొచ్చాక ఈ నిర్ణయాలు ఈమెవే" అని ఆయన చేతే రాయించండి.

కౌంటీ_ఎపిడెమియాలజిస్ట్ (అమెరికా, సొంతూరు ఖమ్మం)
గురువారం, ఉదయం 8:05

ఇక్కడి స్థానిక ఆరోగ్య శాఖలో పనిచేస్తున్నాను. అత్యవసర పరిస్థితికి ఇక్కడ ఇన్సిడెంట్ కమాండ్ అనే పద్ధతి ఉంది. సంఘటన దగ్గరికి మొదట చేరినవాళ్లే, హోదాతో పని లేకుండా, బాధ్యత తీసుకుంటారు. పెద్దవాళ్లు వచ్చాక పద్ధతి ప్రకారం అప్పగిస్తారు. ఒకరి కింద సుమారు ఐదుగురు ఉండేలా చూస్తారు. మీ ఆరు సబ్ సెంటర్లకు ఒక సూపర్‌వైజర్ లెక్క దానికి దగ్గరగానే ఉంది, పోస్టు నిండితే.

పని అయ్యాక అందరూ కూర్చుని ఏం అనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది అని మాట్లాడుకుంటారు. చిన్న ఉద్యోగి ముందు మాట్లాడితే మంచిదని నా అనుభవం. డైరెక్టర్ ముందు మాట్లాడితే మిగతావాళ్లు అదే పాట పాడతారు.

మీ శిక్షణలో వాడుకోవడానికి 7-1-7 అనే కొలమానం ఉంది. వ్యాధి మొదలైన ఏడు రోజుల్లో గుర్తించడం, ఒక్క రోజులో తెలియజేయడం, ఆ తర్వాత ఏడు రోజుల్లో తొలి నియంత్రణ చర్యలు పూర్తి చేయడం. మీ మండలంలో నిజంగా జరిగిన పాత సంఘటనను తీసుకుని ఎక్కడ రోజులు పోయాయో సిబ్బంది చేతే లెక్క కట్టించండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయారు, కారణమేంటో వెంటనే అంతుపట్టలేదు. అలాంటి రోజు మొదటి గంటలో వార్డులో ఉన్న నర్సు, వీధిలో ఉన్న ఏఎన్‌ఎం ఏం చేయాలి? ఎవరెవరు ఏం తిన్నారో, ఏ నీళ్లు తాగారో లైన్ లిస్ట్ (ఒక్కో రోగి వివరాల జాబితా) ఎవరు మొదలుపెట్టాలి? దీని మీద ఒక పూట కూర్చోబెట్టండి. టీమ్ బిల్డింగ్ ఆటలకన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

ఆశా_కార్యకర్త
గురువారం, రాత్రి 9:50

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, మా అబ్బాయి చేత టైపు చేయిస్తున్నాను. మీరంతా మా గురించి మంచిగా రాశారు. నాదొక చిన్న మాట. ఆశా డే మీటింగ్‌లో మమ్మల్ని ఏం అడుగుతారంటే ఎన్ని రిజిస్ట్రేషన్లు, ఎన్ని సర్వేలు అని. ఊళ్లో ఏం జరుగుతోందని అడగరు. మా ఊళ్లో ఇద్దరు ఆడపిల్లల చదువు మాన్పించి పెళ్లి సంబంధాలు చూస్తున్నారని నాకు ముందే తెలుసు. ఎవరికి చెప్పాలో, చెబితే నా పేరు బయటికొస్తుందేమోనని ఊరుకోవాలా అని నెల రోజులు నలిగిపోయాను. చివరికి ఏఎన్‌ఎం మేడమ్‌కి చెప్పాను, ఆవిడ నా పేరు రానివ్వకుండా అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌తో మాట్లాడారు. ఒక పెళ్లి ఆగింది. మీటింగ్‌లో పది నిమిషాలు "మీ ఊరి సంగతి చెప్పండి" అని అడిగితే మేం చాలా చెబుతాం.

రిటైర్డ్_ఎంపీహెచ్‌ఈఓ
గురువారం, రాత్రి 10:30

అమ్మా, ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది నీ మాటే. డాక్టర్ గారూ, ఆ పది నిమిషాలు ఆశా డే అజెండాలో మొదటి అంశంగా పెట్టండి. చివర్లో పెడితే టైమ్ అయిపోయిందని తీసేస్తారు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ కూడా ఇలా మాట్లాడుకోవడానికే పెట్టారు. చాలా చోట్ల సంతకాల రిజిస్టరే మిగిలింది. ఆ కమిటీని నడపడం ఏఎన్‌ఎంకి, ఆశాకి నేర్పండి. సర్పంచ్‌తో ఎలా మాట్లాడాలి, తీర్మానం ఎలా రాయించాలి, ఇచ్చిన డబ్బుకు లెక్క అందరి ముందు ఎలా చదవాలి. నేను ఖాళీగానే ఉన్నాను. పిలిస్తే మీ జిల్లాకు వచ్చి సూపర్‌వైజర్లతో ఊళ్లు తిరుగుతాను.

పీహెచ్‌సీ_డాక్టర్
శుక్రవారం, రాత్రి 9:05

నోట్ ఇచ్చేశాను. రెండు రోజుల హాలు శిక్షణ వద్దని రాశాను. దాని బదులు ఆరు నెలల పాటు, ఒక్కో సెంటర్ టీమ్ తన ఊరి సమస్య ఒకటి ఎంచుకుని దాని మీద పనిచేయాలి, నెలకోసారి సూపర్‌వైజర్ పక్కనుండి చూడాలి. మొదటి బ్యాచ్ సూపర్‌వైజర్లు, వాళ్లతోపాటు సమీక్షలు నడిపే మా లాంటి వాళ్లం. మందుల మార్పిడి, నాలుగు వాక్యాల కాగితం, ఆశా డేలో పది నిమిషాలు, అన్నీ ఉన్నాయి. ఎంతవరకు ఒప్పుకుంటారో చూడాలి. రిటైర్డ్ సార్, మీ పేరు రిసోర్స్ పర్సన్‌గా అడిగాను, కాదనకండి.

విరేచనాల కాగితం కొత్త కాపీ డీఎంహెచ్‌ఓ గారి సంతకానికి పంపాను. పాడేరు చెల్లెమ్మా, నీకు మెసేజ్ చేశాను, చూసుకో.

సీహెచ్‌ఓ_పాడేరు
శుక్రవారం, రాత్రి 9:40

అందింది సార్. ఒక సవరణ. వెనక వైపు ఫోన్ నంబర్లు అచ్చు వేయించారు. ఏఈ, కార్యదర్శి బదిలీ అయితే ఆ నంబర్లు పనికిరావు. పేర్లు, నంబర్ల చోట ఖాళీ గీతలు వదిలితే మేమే రాసుకుంటాం.

ఏఎన్‌ఎం_అక్క
శుక్రవారం, రాత్రి 9:52

అవును, అది ముఖ్యం. ప్రతి నెలా సెక్టార్ మీటింగ్‌లో నంబర్లు ఒకసారి చదివి సరిచూసుకోవాలి. మా సెక్టార్‌లో ఆ పని నేను చూసుకుంటాను. తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి డాక్టర్ గారూ, రాత్రిపూట సెల్‌ఫోన్ లైటులో చదవాల్సి వస్తుంది.